ఇస్తారి భుజమ్మీది చెయ్యి

మా ఖదీర్ సాబ్ కుంచెకు మూడే వెంట్రుకలు.
ఉడుత తోకవని చెప్పేటోడు,
ఆయన గడ్డంల నుంచి పీకినవేనని నా అనుమానం.

నల్లగొండ గడియారం కాడ, మెట్ల కింద స్టూడియో.
వానలు మొదలైతుండంగ బీడీల కంపెనీ గుమస్తా వచ్చి
సంచిలకెల్లి ఫోటోలు బల్ల మీద కుమ్మరించేటోడు.
కట్టకొక్క కబడ్డీ ఆటగాని బొమ్మ.
పెద్దోళ్లు బీడీ కాలిస్తే
బొమ్మ మేం దాచుకునేటోళ్లం.

"వీడు మిల్లు టీం ఇడిసిపెట్టిండు సాబ్.
ఇప్పుడు డిపోకు ఆడుతుండు.
మళ్ల ఫోటో దీసే టైం లేదు, అంగీ మార్చు."

అంగీ మార్చుడంటే
మిర్యాలగూడ మిల్లు ఎర్రచారల బనీను మీద
కూతకు పోయినోని లెక్క ఊపిరి బిగవట్టి
ఒక్క దమ్ముల నీలిరంగు ఈడ్చుడు.
మెడ కాడ ఆగుడు. చంకల నీడ పెట్టుడు.
ఏడు నెంబరును పన్నెండు చేసుడు.
ఏడు యాడికి పోతది?
ఒకటికి రెండుకు నడుమ
విరిగి అతికిన ఎముక లెక్క ఉబ్బి కనబడేది.

నాకప్పుడు పదమూడేండ్లు. గిన్నెల నీళ్లు మార్చుడు నా పని.
పొద్దుగాల నీలం, పగటాల్ల పచ్చ,
దీపాలు పెట్టే యాళ్లకు
ఏ టీముదీ కాని మట్టిరంగు.

ఇస్తారి ఫోటోల ఇంకోడు ఉండె,
పక్కన నిలవడి భుజమ్మీద చెయ్యేసినోడు.
సాబ్ వాని మొఖం తుడిసిండు, ఛాతీ తుడిసిండు,
వాడు నిలవడ్డ జాగల తుమ్మచెట్టు మొలిపించిండు.
చెయ్యి ఒక్కటి ఇడిసిపెట్టిండు.
నాలుగు వేళ్లు, చిటికెన వేలికి వెండి ఉంగరం.

"సాబ్, చెయ్యి?"
"చెయ్యి తుడిస్తే భుజం పోతది బేటా.
బీడీ తాగెటోడు గింత చూస్తడా?"

చూసినం. మా గల్లీ అంత చూసినం.
చెట్టు చెయ్యేసిన ఇస్తారి అని పేరు వెట్టి
ఆ ఒక్కదానికి మూడు బొమ్మలు మారకం ఇచ్చినం.

డిపోల బస్సులు కడిగే కొలువు ఇచ్చిండ్రట ఇస్తారికి.
మిల్లుల ఆట ఉన్న దినమే కూలి,
డిపోల నెల జీతం.
అయినా మిల్లు కాడి దోస్తులు ఎదురైతే
సైకిల్ దిగకుండ పోయేటోళ్లట.

దసరా ముంగట ఓనాడు స్టూడియోకు వచ్చిండు.
చేతులకు డీజిల్ వాసన.
"ఇంత మంచి బనీను డిపోవోళ్లు ఇంకా ఇయ్యనే లేదు సాబ్,
నువ్వే ముందు తొడిగినవ్" అని నవ్విండు.
అటెన్క బొమ్మను కండ్ల దగ్గరికి తెచ్చుకొని
బొటనవేలుతోటి తుమ్మచెట్టును రుద్దిండు,
మెల్లగ, కంట్ల నలుసు తీసినట్టు.
అచ్చేసిన కాయితం, ఏం రాలుతది?

"అసలుది ఉన్నదా?"
లేదన్నడు సాబ్.
అబద్ధం కాదు,
రంగు పూసింది అసలు దాని మీదనే.

ఇప్పుడు గడియారం కాడ నాదే ఫ్లెక్సీల దుకాణం.
రాత్రికి రాత్రి పార్టీ మారిన లీడర్ మెడల
కండువ రంగు మార్చుడు నిమిషం పని.
గిన్నె లేదు, నీళ్లు లేవు, ఊపిరి బిగవట్టుడు లేదు.
అయినా అచ్చుకు పంపే ముందు
పెద్దగ జేసి భుజాలు చూస్త,
యాడనన్న ఒక చెయ్యి మిగిలిందేమోనని.
ఎక్కువ దొరకయి.
మిషిని అంచులు సాఫుగ కోస్తది.

ఇస్తారి బొమ్మ సొరుగుల ఉన్నది.
వచ్చినోళ్లకు చూపిస్త.
అందరూ ముందు బనీను చూస్తరు,
నెంబరు కాడ ఆగుతరు,
తుమ్మచెట్టు మంచిగున్నదంటరు.
ఆ ఉంగరం ఎవనిదో
ఇప్పటిదాక ఎవ్వరు చెప్పలే.